మిద్దె మీద ఆరేసిన శుక్రవారం

మామా కూతురి గదిలో గోడకు తగిలించిన బొమ్మల్లో మొదటిదాన్ని చూడగానే, "ఇది గీసినోడు పొలంలో నడుం వంచినోడే" అన్నాను. ఆ పిల్ల మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. తల ఎత్తి, "నీకెట్లా తెలుసు ఖాలా?" అంది.

ఎవరు ఎవరో ముందు చెప్పాలి. మామా అంటే అమ్మ కాదు. కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్ళం యజమానురాలిని మామా అంటాం. మా మామా నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. సబా అల్ సలేంలో వాళ్ళ ఇల్లు. అప్పటికి ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉన్నాను. అంతకు ముందు మూడు ఇళ్ళు మారాను, వాటి గురించి రాయదలచుకోలేదు. ఇంటాయన నా కఫీల్, అంటే నా ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి కాగితం, ఆయన పేరు మీద నడుస్తుంది. ఆయనకు ఇందులో పనిలేదు. ఇంట్లో మాట మామాది. కూతురు కాలిఫోర్నియాలో బొమ్మల చదువు చదివి అప్పుడే తిరిగి వచ్చింది. నన్ను ఖాలా అంటుంది, పిన్నీ అన్నట్టు. నేను బింతీ అంటాను, బిడ్డా అన్నట్టు. మా ముగ్గురి మాటలూ అరబ్బీలోనే. వాటిని నాకు వచ్చిన తెలుగులో పెడుతున్నాను.

ఆ పిల్ల నాలుగు పెట్టెల బట్టలతో పాటు పొడుగాటి అట్టగొట్టం ఒకటి తెచ్చింది. అందులోంచి చుట్టిన కాగితాలు తీసి, అద్దాలు కట్టించి గోడకు తగిలించింది. ఆ అద్దాలు తుడిచేది నేను. అందుకే ఆ ఇంట్లో అందరికంటే దగ్గరగా వాటిని చూసింది నేనే.

మొదటి బొమ్మలో ఒక ఆడమనిషి చాలులో వంగి ఉంది. తలకు గుడ్డ, దాని మీద టోపీ. కుడిచేతిలో జానెడు పిడి ఉన్న చిన్న పార. ఎడమచెయ్యి ఎడమతొడ మీద ఆనించి ఉంది. నేను చూసింది ఆ ఎడమచెయ్యిని. మా రాయచోటి పక్క వేరుశనగ చేలో కలుపు తీసే తొలిక కూడా ఇంతే పొట్టిగా ఉంటుంది. పెళ్ళి కాకముందు నుంచి కువైట్ విమానం ఎక్కేదాకా నా చేతిలో అదే. ఎడమచెయ్యి తొడ మీద ఆనించకపోతే మధ్యాహ్నానికి నడుం లేవదు. గట్టు మీద నిలబడి చూసేవాడికి ఈ సంగతి తెలియదు. చూసినా అది అలసట అనుకుంటాడు.

ఇదే ఆ పిల్లకు చెప్పాను. లేచి వచ్చి బొమ్మ ముందు నిలబడి తన ఎడమచెయ్యి తొడ మీద ఆనించి చూసుకుంది. రెండేళ్ళు వీటి మీదే చదివాను, ఈ చెయ్యి నాకు కనిపించలేదు అంది.

అప్పుడు చెప్పింది. వీటిని వేసినవాళ్ళను చికానోలంటారట. మెక్సికో మూలం ఉండి అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు అక్కడి ద్రాక్షతోటల్లో, కూరగాయల పొలాల్లో కూలికి పోయేవాళ్ళు. కూలివాళ్ళు సంఘం కట్టుకున్నప్పుడు, చదువుకున్న పిల్లలు వాళ్ళ కోసం పోస్టర్లు అచ్చేశారు. ఒక చెక్క చట్రం, దానికి బిగించిన సన్నటి గుడ్డ, రంగుడబ్బా ఉంటే చాలు, కారు షెడ్డులో అయినా అచ్చేయవచ్చు. గోడలకు, కరెంటు స్తంభాలకు, అంగళ్ళ ముందర అంటించేవాళ్ళు. వానకు చిరిగిపోతే మళ్ళీ వేసేవాళ్ళు.

"దాచుకోడానికి వేసినవి కావు" అంది.

"మరి నువ్వు అద్దం పెట్టి దాచినావే?"

నవ్వింది. "ఇప్పుడు వీటికి విలువ వచ్చింది ఖాలా."

"వాటికి సరే. ఆ కూలోళ్ళకు వచ్చిందా?"

కొంత వచ్చిందంది. ఆ పొట్టిపారతో పని చేయించకూడదని అక్కడ ప్రభుత్వమే ఆపేసిందట, పొడుగు పిడి ఇచ్చారట. అది నాకు నచ్చింది. మా ఊళ్ళో ఇంకా జానెడే.

పక్క బొమ్మలో ద్రాక్షగుత్తి ఉంది, నిగనిగలాడుతూ, రసం కారుతున్నట్టు. అంగడివాడు వేయించుకున్నది అనుకున్నాను. కాదు, ఈ ద్రాక్ష కొనొద్దని చెప్పే బొమ్మ అది. కొనొద్దని చెప్పడానికి ఇంత నోరూరేటట్టు ఎందుకు వేశారని అడిగాను. దానికి ఆ పిల్ల చాలాసేపు ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం జమియాలో, మా పేట సరుకుల అంగట్లో, మామా ద్రాక్ష కొనమంటే కొన్నాను. ఇవి ఏ దేశానివని మాత్రం అడిగాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు షుగరుంది. మూడు మందులు. ఏది పొద్దున, ఏది రాత్రి అని పెట్టె రంగు చూసి వేసుకునేదాన్ని. ఒకసారి కంపెనీవాళ్ళు రంగు మార్చారు. పది రోజులు రాత్రి మాత్ర పొద్దున, పొద్దుటిది రాత్రి మింగాను. కళ్ళు తిరిగి పడితే మామానే ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ నర్సు మన తెలుగు పిల్ల, గోదావరి జిల్లాది. పెట్టెల మీద తెలుగులో రాసి ఇస్తానంది. నాకు చదవడం రాదన్నాను. వేలిముద్ర దాన్ని. "అయితే నేర్చుకోండి పెద్దమ్మగారూ" అంది, ఏదో బట్టలు మడతపెట్టుకోండి అన్నంత తేలిగ్గా.

ఆమె ఉండేది ఫహాహీల్‌లో, ఇంకో ముగ్గురు నర్సులతో కలిసి ఒక ఫ్లాటులో. ఇక్కడ చర్చి ప్రార్థన కూడా శుక్రవారమే. పొద్దున ప్రార్థనకు పోయి వచ్చి, మధ్యాహ్నం నుంచి తెలుగు ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఆ ఎండాకాలం మామా వాళ్ళంతా వేరే దేశం పోయినప్పుడు, నాకు ఐదు శుక్రవారాలు దొరికాయి. బస్సెక్కి పోయి వచ్చాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో అ ఆ లు దిద్దాను. క దాకా వచ్చి, కి కీ దగ్గర ఉండగా వీళ్ళు తిరిగి వచ్చేశారు. చదువు ఆగిపోయింది.

ఎందుకంటే శుక్రవారం మా ఇంట్లో పెద్ద పని. మామా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు అంతా భోజనానికి వస్తారు. ఇరవై మందికి తగ్గరు. పొద్దున ఆరింటికి మాంసం పొయ్యి మీద పెడితే, సాయంత్రం ఐదింటికి పెద్ద దబరా తోమి బోర్లించడంతో అయ్యేది. రోజూ ఇల్లు తుడిచే అమ్మాయి శ్రీలంక వెళ్ళిపోయాక ఆ పని కూడా నా మీదే పడింది.

నర్సమ్మ ఫోన్ చేసేది.

"పెద్దమ్మగారూ, మీరు కీ దగ్గరే ఉండిపోయారండీ. కౌ దాకా ఎప్పుడెళ్తారు?"

"మామా పంపితే కదమ్మా."

"అడిగారా?"

"లే."

"అడక్కపోతే ఆవిడకెలా తెలుస్తాదండీ?"

"పదకొండేండ్లుగా నేను యాడికీ పోలేదని ఆమెకు తెలీదా? తెలిసినోళ్ళను మళ్ళా అడగాల్నా?"

"మీ పంతం మీదేగానీ, అడగాలండీ" అని పెట్టేసేది.

నేను అడగలేదు. పంతమూ ఉంది, భయమూ ఉంది. వద్దంటే ఇంక ఎప్పటికీ వద్దే. అడగకపోతే వద్దనలేదు కదా అని ఉంటుంది. అట్లా మూడు నెలలు గడిచాయి. నేర్చుకున్నవి మర్చిపోతూ వచ్చాను.

నా గది మిద్దె మీద. పక్కనే బట్టలుతికే గది. ఆ పిల్ల ఆ గదిలో తన అచ్చు సామాను పెట్టింది. పట్నంలో ఒక హాలులో ఈ చికానో బొమ్మలు చూపించబోతున్నారట, వాటి పక్కన తను సొంతంగా అచ్చేసినవి కూడా పెడుతుందట. కిటికీకి నల్లగుడ్డ కట్టింది, ఎర్రబల్బు పెట్టింది. నా సబ్బులూ బక్కెట్లూ బయటికి వచ్చాయి.

ఒక రోజు ఆమె బయటికి పోయినప్పుడు బట్టలు మిషన్‌లో వేద్దామని లోపలికి పోయాను. నాలుగు చట్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. గుడ్డకు ఆకుపచ్చగా జిగురులాంటిది పూసి ఉంది. వేలు పెడితే తడి. ఈ చీకట్లో పెడితే ఎన్నటికి ఆరతాయి, పిల్లకు పని తెలియదు అనుకున్నాను. నాలుగూ ఎత్తుకుపోయి మిద్దె మీద మిట్టమధ్యాహ్నం ఎండలో వరసగా నిలబెట్టాను. కువైట్ ఎండ కదా, పావుగంటలో పెళపెళా ఆరాయి. మళ్ళీ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

ఆమె వచ్చి, చట్రం మీద బొమ్మ పెట్టి దీపం వేసి, నీళ్ళు కొట్టి, ఇంకా కొట్టి, చట్రం ముందు కూలబడింది. ఏడుపు మొహంతో నా గదికి వచ్చింది.

"ఖాలా, వీటిని వెలుతురులో పెట్టినావా?"

"వెలుతురులో కాదు, ఎండలో. తడి ఆరాలంటే ఎండే కదా."

"ఎండ తగిలితే ఆ జిగురు గట్టిపడుతుంది. బొమ్మ అడ్డం పెట్టినచోట మాత్రమే వెలుతురు తగలకూడదు. అక్కడ కడిగితే పోతుంది, రంగు అందులోంచి దిగుతుంది. ఇప్పుడు గుడ్డంతా గట్టిపడింది. రంగు ఎక్కడా దిగదు."

"ఈ మాట తలుపు మీద రాసి పెట్టాల్సింది."

"రాస్తే నువ్వు చదువుతావా?"

అని, నాలుక కరుచుకుంది. తప్పేం లేదు, ఉన్నమాటే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. కీ దగ్గర ఆగిపోయిన నా మీద.

పాడైన చట్రాలు ఘాటు మందు పోసి నేనే కడిగాను. రెండు రోజులు పట్టింది. తర్వాత అచ్చు వేసేటప్పుడు పక్కన నిలబడ్డాను. రంగును చట్రం మీద లాగడానికి ఒక చెక్క ఉంటుంది, కింద రబ్బరు పట్టీ. నేల మీద నీళ్ళు తోసే వైపరు పిల్ల అనుకోండి. ఆ పిల్ల రెండుమూడు సార్లు లాగితే ఒకచోట ముద్దగా, ఒకచోట పలుచగా పడుతోంది. "ఇట్లా ఇయ్యి" అని తీసుకున్నాను. పాలరాతి నేల మీద నీటిచుక్క నిలవకుండా ఒక్క లాగుడులో లాగాలి, చెయ్యి బరువు మొదట ఎంతో చివర అంతే ఉండాలి. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే. లాగాను. కాగితం ఎత్తితే అంచు నుంచి అంచుకు ఒకే రంగు. ఆమె చదివిన చోట కూడా ఇంత సమంగా లాగేవాళ్ళు లేరంది. పొగడ్త అని తెలుసు. అయినా రేపట్నుంచి లాగడం నా పని అని చెప్పేశాను.

అట్లా ఒకరోజు పని చేస్తూ ఉండగా ఆమె అడిగింది. ఇక్కడ ఇళ్ళల్లో పని చేసేవాళ్ళ మీద ఒక పోస్టరు వేయాలని ఉంది, ఆ చికానోలు పొలంవాళ్ళకు వేసినట్టు. "వాళ్ళ బొమ్మ ఒక్కోటీ ఒక్క మాటే అడుగుతుంది. ఎక్కువ అడిగితే దారిన పోయేవాడు చదవడు. నీకేం కావాలో ఒక్కటి చెప్పు."

"శుక్రవారం."

అనుకుని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆమె చేతిలోని గుడ్డను అటూ ఇటూ తిప్పింది. నేను వండిన శుక్రవారపు అన్నం తినే పెరిగింది కదా. "చట్టంలో వారానికొక రోజు సెలవు రాసి ఉంది ఖాలా" అంది.

"ఉంటాది. చట్టం ఎప్పుడూ మీ ఇంటికి భోజనానికి రాలేదు."

ఫహాహీల్ సంగతంతా చెప్పాను. రెండు రోజులకు కాగితం మీద గీసి తెచ్చింది. ఒక ముసలామె, వెనక సూర్యుడు, కిరణాలు, పిడికిలి పైకెత్తి ఉంది. మొహం నాదే.

"ఈమె ఎవురు?"

"నువ్వే."

"నేనెప్పుడు పిడికిలెత్తినాను? ఎత్తితే చేతిలో పళ్ళెం కిందపడదా?"

"అది ధైర్యానికి గుర్తు ఖాలా. వాళ్ళందరూ ఇట్లాగే వేశారు."

"వాళ్ళు ఎత్తినారు, వేసుకున్నారు. నేను ఎత్తలే. అబద్ధం బొమ్మ నాకొద్దు."

ఆమె మొహం చిన్నబోయింది. అప్పుడు మా ఊళ్ళో మేం చేసేది చెప్పాను. చేలో కలుపు తీసేటప్పుడు రైతు అన్నం వేళకు వదలకపోయినా, నీళ్ళు పంపకపోయినా మేం అరిచేవాళ్ళం కాదు. ఒకామె తన తొలిక తీసుకుపోయి గట్టు మీద పెట్టేది. వెంటనే ఇంకొకామె. ముప్పై తొలికలు వరసగా గట్టు మీద పడుకోబెట్టి, మేం చాలులోనే కూర్చునేవాళ్ళం. రైతు దూరం నుంచి వస్తూ ఆ వరస చూసేవాడు. అంతే. ఒక మాట పడేది కాదు. కడవ వచ్చేది.

"పనిముట్టు కింద పెడితే చాలు. మనిషి బొమ్మ అక్కర్లేదు" అన్నాను.

మరి ఇంటిపనికి తొలిక ఏది? ఇద్దరం వంటగదికి దిగి చూశాం. గరిటె అంది, చీపురు అంది. నాకు కుదరలేదు. సింకు పక్కన నా పసుపు రబ్బరు గ్లౌజులు ఉన్నాయి, మోచేతి దాకా వచ్చేవి. అవి దండెం మీద క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే, వేళ్ళు కిందికి ఉంటే, ఎవరైనా చూసి ఈమె ఈరోజు లేదు అనుకుంటారు. అదే వేసింది. నీలం ఆకాశం, ఒక దండెం, పసుపు గ్లౌజుల జత. కింద ఒకే మాట, శుక్రవారం అని, పైన అరబ్బీలో, దాని కింద తెలుగులో. తెలుగు మాట నర్సమ్మ రాసి ఫోన్లో పంపింది. దాని మీద కాగితం పెట్టి నేను దిద్దాను. తిన్నగా రాలేదు, వంకరగానే వచ్చింది. ఆ పిల్ల అలాగే ఉంచింది.

మూడు రంగులు, మూడు చట్రాలు. నలభై కాగితాలు లాగాను. ఆరడానికి చోటు లేక, మిద్దె మీద నేను బట్టలారేసే దండేలకే క్లిప్పులతో తగిలించాం. గాలి లేని రోజు. నలభై జతల గ్లౌజులు కదలకుండా వేలాడుతున్నాయి.

మామా మిద్దె మీదికి ఎప్పుడూ రాదు. ఆ రోజు నీళ్ళ ట్యాంకు చూడటానికి మనిషిని పిలిపించి, వాడొచ్చేముందు తను వచ్చింది. మెట్ల తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది.

"ఇవి మన వంటగది గ్లౌజులు కదా?" అంది మొదట.

"అవును యుమ్మా" అంది కూతురు.

మామా ఒక కాగితం దగ్గరికి పోయి, తర్వాత ఇంకోదాని దగ్గరికి పోయి చదివింది, అన్నిట్లో వేరే ఏదైనా రాసి ఉందేమో అన్నట్టు.

"ఇది ఆ హాల్లో పెడతావా? మీ పిన్నులంతా వస్తారు. ప్రతి శుక్రవారం మన ఇంట్లో తినేవాళ్ళే. చూసి ఏమనుకుంటారు?"

"ఇది మన ఒక్క ఇంటి గురించి కాదు యుమ్మా. అన్ని ఇళ్ళ గురించి."

"గ్లౌజులు మాత్రం నావి."

కూతురు ఏదో పెద్ద మాటలు మొదలుపెట్టింది, కాలిఫోర్నియా, హక్కు, చరిత్ర. మామా వినడం లేదు. నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఇది నీ మాటా, దీని మాటా?"

ఆ క్షణం తప్పించుకుంటే నా చదువు అక్కడితో అయిపోతుందని తెలుసు. "నా మాటే మామా. నాకు శుక్రవారం కావాల. ఫహాహీల్ పోయి అక్షరాలు నేర్చుకుంటాను. నా మందుల పెట్టె నేను చదువుకోవాల."

"పదకొండేళ్ళలో ఒక్కసారైనా అడిగినావా?"

"లేదు. ఇప్పుడు అడుగుతాండా."

"శనివారం తీసుకో. రోజంతా తీసుకో."

"శనివారం చదువు చెప్పే నర్సుకు ఆసుపత్రిలో డ్యూటీ. చదువు శుక్రవారమే."

మామా దండెం తాడు పట్టుకుంది. లెక్కలు వేసుకుంటోందని తెలిసింది, తమ్ముళ్ళు, పిల్లలు, దబరా. తర్వాత ఒక్కటే మాట చెప్పింది. ఈ బొమ్మ ఆ హాలు గోడ మీద ఉండకూడదు. అట్లైతే వచ్చే వారం నుంచి పదకొండింటికి వంట అప్పజెప్పి నేను పోవచ్చు. సాయంత్రం రావాలి. ఒప్పుకుంటావా అంది.

కూతురు నా మొహంలోకి చూస్తోంది. వద్దను ఖాలా అన్నట్టు.

"ఒప్పుకుంటా" అన్నాను.

మామా దిగిపోయాక ఆ పిల్ల నా మీద గట్టిగానే అరిచింది.

"ఇంత కష్టపడి వేసి, ఒక్క మాటకు దించేస్తావా? మిగతావాళ్ళ శుక్రవారం సంగతేంటి? అక్కడ వాళ్ళు ఒక్కరికి దొరికిందని ఆపలేదు!"

"వాళ్ళు వేలమంది బింతీ. నేను మిద్దె మీద ఒక్కదాన్ని."

"అందుకే గోడ మీద పెట్టాలన్నది!"

"పెడితే నీకు చప్పట్లు. నాకు టికెట్టు, ఇంటికి. పోస్టరు ఎందుకేసినాం? శుక్రవారం కోసం. వచ్చింది. దాని పని అయిపాయ. ఖలాస్."

ఆమె ఏడుస్తూ కాగితాలు దించింది. నేను సాయం చేశాను, క్లిప్పులు నేను తీశాను. ఆ పిల్ల అన్నది తప్పు కాదు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నేను నా కోసమే అడిగాను, నా కోసమే ఒప్పుకున్నాను. పదిమంది పేరు చెప్పి పెద్దరికం తెచ్చుకోవడం నాకు చేతకాదు.

నర్సమ్మ కూడా వదల్లేదు. "ఒక్కరే గట్టెక్కేసారన్నమాట పెద్దమ్మగారు!" అని ఎగతాళి చేసింది.

"ఎక్కినా. నీకేమైనా అడ్డమొచ్చినానా?"

"అబ్బే, రండి రండి. నోటు పుస్తకం తెచ్చుకోండి."

పుస్తకం ఎందుకు, నలభై మంచి కాగితాలు ఉంటే. వాటిని చెత్తలో వేయమంది మామా. వెనకవైపు తెల్లగా ఉంది, రాసుకోడానికి తీసుకుపోతాను అన్నాను. తీసుకుపో, హాల్లో మాత్రం వద్దంది. చుట్ట చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఫహాహీల్ పోయాను. ఫ్లాటులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఉన్నారు, కడప పక్కవాళ్ళు సగం, కోనసీమవాళ్ళు సగం. తలా ఒకటి ఇచ్చి, నేల మీద బోర్లా వేసుకుని గుణింతాలు రాశాం. దళసరి కాగితం, పెన్ను బాగా నడిచింది. అంతా అయ్యాక ఒకామె తనది తిప్పి చూసింది. ముబారక్ అల్ కబీర్‌లో పని చేసే పిల్ల, పులివెందుల దగ్గరిది.

"పెద్దమ్మా, ఇదేంది? గ్లౌజులు?"

"చూడు, సగం అక్షరాలు నీకొచ్చినవే. చదువు."

కూడబలుక్కుని చదివింది. మా అందరిలో మొదట దాన్ని చదివింది ఆ పిల్లే, నేను కాదు. చదివి, నవ్వి, మడిచి సంచిలో పెట్టుకుంది.

తర్వాత ఏమైందో కూడా రాయాలి, లేకపోతే అంతా బాగా జరిగినట్టు ఉంటుంది. ఆ పులివెందుల పిల్ల దాన్ని తీసుకుపోయి వాళ్ళ వంటగదిలో ఫ్రిజ్‌కు అంటించింది, బొమ్మ బయటికి కనబడేట్టు. వాళ్ళ మామా తిట్టి చించేసింది, వారం రోజులు ఫోన్ లాక్కుంది. ఈమె మొండిది. వెనకవైపు రాతలు అయిపోగానే మరుసటి నెల ఇంకోటి తీసుకుపోయి అంటించింది. ఇప్పుడు నెలకు రెండు శుక్రవారాలు వస్తోంది. సబా అల్ సలేంలోనే ఇంకో ఇంట్లో పనిచేసే ఆమెకు అడగ్గానే ఇచ్చారు. మిగతావాళ్ళు కొందరు అంటించలేదు, కొందరు అడగలేదు, ఒకామెను ఏజెన్సీకి తిరిగి పంపేశారు. ఆమె దగ్గర కూడా ఆ కాగితం ఉండింది. అది నా వల్ల కాదని చెప్పుకోలేను.

ఆ మొదటి శుక్రవారం నేను ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. వంటగదిలో మామా, కూతురు ఇద్దరే ఉన్నారు. పళ్ళేలన్నీ కడిగారు, పెట్టిన చోటు మాత్రం ఒక్కటీ సరిగా లేదు. కూతురి చేతి నిండా కడిగీ కడిగీ ముడతలు. సింకులో పెద్ద దబరా నీళ్ళు పోసి ఉంది. అడుగున మాడు అట్ట కట్టింది.

"అది మాకు రాలేదు. నానబెట్టాం" అంది మామా.

నేను సంచి కింద పెట్టి దబరాలోకి తొంగి చూశాను. పొయ్యి తగ్గించాల్సిన వేళకు తగ్గించలేదు. చెయ్యి దానంతట అదే మోచేతి మీది బట్టను పైకి మడవబోయింది. ఇద్దరూ చూస్తున్నారు. అడగలేదు, వద్దనలేదు. తోమితే పావుగంట పని. తోమితే వచ్చే వారం పళ్ళేలు కూడా ఉంటాయి, ఆ పై వారం ఇల్లు తుడవడం కూడా ఉంటుంది. ఇళ్ళల్లో పని అట్లాగే తిరిగి వస్తుంది, ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు.

బట్ట కిందికి లాగాను.

"బాచర్" అన్నాను. రేపు అని.

మామా ఒకసారి దబరాను, ఒకసారి నన్ను చూసింది. "బాచర్" అంది తనూ, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. కూతురు నీళ్ళు ఇంకొంచెం పోసి మూత పెట్టింది.

నేను మిద్దె మీదికి పోయి మందు వేసుకుని పడుకున్నాను. శనివారం ఐదింటికి లేచి తోమాను. మాడు బాగా నానింది, తొందరగానే వదిలింది.